ఎలక్ట్రిక్ కారు స్టీరింగ్ వదులైనప్పుడు లోపాన్ని కనిపెట్టడం, సరిచేయడం

ఎలక్ట్రిక్ కారులో స్టీరింగ్ వదులుగా అనిపించగానే యజమానుల అనుమానం ముందుగా కంప్యూటర్ మీదికో, పవర్ స్టీరింగ్ మోటారు మీదికో పోతుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏమైనా వచ్చిందా అని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసేవారు చాలామంది. అయితే ఎలక్ట్రానిక్ భాగం చెడినప్పుడు స్టీరింగ్ సాధారణంగా బరువెక్కుతుంది గాని వదులు కాదు. వదులుదనం పుట్టేది టైర్లలో, ఇనుప కీళ్లలో, రబ్బరు బుష్‌లలో (లోహ భాగాల మధ్య ఉండే రబ్బరు తొడుగుల్లో), అంటే పాత పెట్రోలు కారులోనూ ఉన్న భాగాల్లోనే. కాబట్టి పరీక్షను నేలను తాకే టైరు దగ్గర మొదలుపెట్టి, చక్రం, కీళ్లు, ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడును పక్కవాటు కదలికగా మార్చి చక్రాలకు అందించే పళ్ల కడ్డీ), కాలమ్ (స్టీరింగ్ వీల్ నుంచి కిందికి దిగే కడ్డీ) అనే వరుసలో పైకి వెళ్లి, కంప్యూటర్‌ను చిట్టచివర చూడటం మంచిది. ఈ వరుస తలకిందులైతే వేల రూపాయల స్కానింగ్ తరువాత కూడా అరిగిన టై రాడ్ ఎండ్ (ర్యాక్ నుంచి వచ్చే రాడ్ చక్రం వైపు కలిసే కీలు) అలాగే మిగిలిపోతుంది.

విశాఖపట్నంలో తిరిగే ఎలక్ట్రిక్ కార్లలో ఈ అరుగుదల త్వరగా రావడానికి మూడు కారణాలు కలుస్తాయి. మొదటిది బరువు. ఒకే బాడీతో పెట్రోలు, ఎలక్ట్రిక్ రకాలు రెండూ వచ్చే కార్లలో, బ్యాటరీ కారణంగా ఎలక్ట్రిక్‌ది తరచుగా 150 నుంచి 300 కిలోల దాకా ఎక్కువ బరువు ఉంటుంది. ఆ భారాన్ని గతుకు గతుకుకీ భరించేవి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి) బుష్‌లు, గూటిలో తిరిగే గుండు కీళ్లయిన బాల్ జాయింట్లే. కాన్వెంట్ జంక్షన్, సింధియా వైపు పోర్టు లారీలు తిరిగే దారుల్లోనూ, గాజువాక, కూర్మన్నపాలెం మీదుగానూ రోజూ వెళ్లివచ్చేవారికి దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు. రెండవది రీజెనరేటివ్ బ్రేకింగ్. పెట్రోలు కారులో యాక్సిలరేటర్ వదిలితే కారు నెమ్మదిగా దొర్లుతుంది. ఎలక్ట్రిక్ కారులో మోటారు జనరేటర్‌గా మారి చక్రాలను వెనక్కి పట్టి లాగుతుంది. నొక్కినప్పుడు ఒక దిశలో, వదిలినప్పుడు మరో దిశలో గుంజుడు పడుతూ ఉంటే బుష్‌లోని రబ్బరు రెండు వైపులా నలుగుతుంది. మూడవది సముద్రపు ఉప్పు గాలి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, పెద వాల్తేరు ప్రాంతాల్లో ఆరుబయట నిలిపే కార్ల అడుగున బోల్టులకు తుప్పు తొందరగా పడుతుంది. బాల్ జాయింట్ మీది రబ్బరు బూటు సన్నగా చిరిగినా చాలు, ఉప్పు తేమ లోపలికి దిగి, గ్రీజును పాడుచేసి, నున్నగా ఉండవలసిన గుండ్రని పిన్నును గరుకెక్కిస్తుంది.

ముందుగా ఫిర్యాదు ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే "స్టీరింగ్ లూజుగా ఉంది" అనే ఒకే మాటతో జనం నాలుగు వేర్వేరు లక్షణాలను చెబుతుంటారు. స్టీరింగ్ వీల్‌ను కొంచెం తిప్పినా ముందు చక్రాలు కదలకపోవడం మొదటిది, దీన్ని మెకానిక్‌లు ప్లే అనీ, ఆట అనీ అంటారు. స్టీరింగ్ మరీ తేలికగా తిరగడం రెండవది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇది సహజమే, పైగా డ్రైవ్ మోడ్ మారితే స్టీరింగ్ బరువు కూడా మారే కార్లున్నాయి గనుక, మోడ్ మార్చి చూడకుండా దీన్ని లోపంగా పరిగణించకూడదు. మూడవది కారు నిటారుగా పోకుండా అటూ ఇటూ తేలడం, నాలుగవది ఒక పక్కకే లాగడం. చివరి రెండింటికీ టైరు, ఎలైన్‌మెంట్, బుష్ కారణమయ్యే అవకాశం ఎక్కువ. మొదటిది మాత్రం దాదాపుగా కీళ్లదే. ఈ వ్యాసంలో ప్రధానంగా దాని గురించే చెప్పుకుందాం.

పని మొదలుపెట్టే ముందు పాటించవలసినవి

కారును చదునైన గట్టి నేల మీద నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టాలి. జాకీని మాన్యువల్‌లో చూపిన పాయింట్ల కింద తప్ప మరెక్కడా పెట్టకూడదు. ఎలక్ట్రిక్ కారు అడుగున కనిపించే చదునైన రేకు చాలా మోడళ్లలో బ్యాటరీ పెట్టె అడుగు భాగమే, దాని మీద జాకీ ఆనితే పెట్టె నొక్కుకుపోతుంది. జాకీ మీదనే ఆధారపడకుండా స్టాండ్లు పెట్టిన తరువాతే చేతులు లోపలికి పోనివ్వాలి. నారింజ రంగు కేబుళ్లు అధిక వోల్టేజీవి, వాటినీ వాటి కనెక్టర్లనూ ముట్టుకోకూడదు. మన పనికి వాటితో అవసరం కూడా లేదు, ప్రయాణికుల కార్లలో ఎక్కువవాటికి స్టీరింగ్ మోటారు 12 వోల్టుల వ్యవస్థ మీదే నడుస్తుంది. ఎలక్ట్రిక్ కారు రెడీ స్థితిలో (ఆన్ అయి కదలడానికి సిద్ధంగా) ఉన్నా చప్పుడు చేయదు గనుక, చక్రాలు గాలిలో ఉన్నప్పుడు కారును పూర్తిగా ఆపి, తాళం చెవిని దూరంగా ఉంచడం తప్పనిసరి. స్టీరింగ్ వీల్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. దాన్ని విప్పే పనిని ఇంటి దగ్గర ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టుకోవద్దు.

టైర్ల నుంచి మొదలు

టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవాలి. డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద అంటించిన స్టిక్కర్‌లో ఉన్న అంకెలే ప్రమాణం, పెట్రోలు బంకు కుర్రవాడు అలవాటుగా పెట్టే అంకె కాదు. ఎలక్ట్రిక్ కారు బరువుకు తగినట్టు ఆ అంకె అదే కంపెనీ పెట్రోలు కారు అంకె కంటే ఎక్కువ ఉండవచ్చు. గాలి తగ్గితే టైరు పక్క గోడ మెత్తబడి, స్టీరింగ్ తిప్పిన కొంతసేపటికి గాని కారు మలుపు తీసుకోదు. నడిపేవారికి అది అచ్చం కీళ్ల వదులులాగే తోస్తుంది. తక్కువ లోడ్ రేటింగ్ ఉన్న చవక టైర్లు వేయించినా ఇదే అనుభవం. తరువాత చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసి, టైరు అరిగిన తీరును చేత్తో తడిమి గమనించాలి. లోపలి అంచు ఒక్కటే అరిగినా, చేయి ఒక దిశలో నున్నగానూ ఎదురు దిశలో రంపపు పళ్లలాగానూ తగిలినా టో (ముందు చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా నిలిచే తీరు) తప్పి ఉండవచ్చని అర్థం. టో దానంతట అది సామాన్యంగా తప్పదు. గుంటలో పడి రాడ్ వంగడమో, కీలు అరగడమో వెనుక ఉంటుంది.

ఆటను కొలవడం

కారును రెడీ స్థితిలో ఉంచి, గేరు పార్క్‌లో పెట్టి, ముందు చక్రాలను నిటారుగా ఉంచాలి. ఈ కొలతను పవర్ స్టీరింగ్ పనిచేస్తుండగానే తీసుకోవాలి. ఎందుకంటే, డ్రైవర్ ఎంత బలంతో తిప్పుతున్నాడో తెలుసుకోవడానికి కాలమ్‌లో లేదా పినియన్ (ర్యాక్‌ను కదిపే చిన్న పళ్ల చక్రం) దగ్గర టార్షన్ బార్ అనే సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. అది కొద్దిగా మెలితిరుగుతుంది, మోటారు సహాయం లేనప్పుడు ఆ మెలికే ఆట అనిపిస్తుంది. వీల్ అంచున ఒక చిన్న టేపు ముక్క అంటించి, దానికి ఎదురుగా డాష్‌బోర్డు మీద స్కేలు ఆనించి, కిటికీలోంచి ముందు చక్రాన్ని చూస్తూ వీల్‌ను రెండు వేళ్లతో ఎడమకూ కుడికీ మెల్లగా కదపాలి. చక్రం కదలడం మొదలయ్యే దాకా టేపు ఎంత దూరం జరిగిందో అదే ఆట. చాలా చిన్న కార్ల మాన్యువళ్లు 30 మిల్లీమీటర్ల దాకా అనుమతిస్తాయి. మంచి స్థితిలో ఉన్న ర్యాక్ అండ్ పినియన్‌లో నిజంగా కనిపించేది దానికంటే బాగా తక్కువే. అంచుకు దగ్గరగా వస్తే పరిమితి దాటే దాకా ఆగకుండా, కీళ్లను వెదకడం మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

కీళ్ల పరీక్ష

మొత్తం పనిలో ఎక్కువ ఫలితమిచ్చే పరీక్ష ఇది, దీనికి ఇద్దరు కావాలి. చక్రాలు నేల మీదే, కారు బరువు వాటి మీదే ఉండాలి, ఎందుకంటే గాలిలో వేలాడే కీలు తన వదులును దాచుకోవచ్చు. ఒకరు సీటులో కూర్చుని స్టీరింగ్‌ను ఎడమకూ కుడికీ కొద్ది మేర వడివడిగా కదుపుతుండాలి. రెండవవారు పిట్‌లోనో, ర్యాంపు కిందనో ఉండి ఒక్కొక్క కీలునూ చూడాలి. ఆటోనగర్‌లో అనుభవమున్న మెకానిక్‌లు ఈ సమయంలో కంటిని నమ్మరు, బొటనవేలిని టై రాడ్ ఎండ్‌కూ నకిల్‌కూ (చక్రాన్ని మోసే లోహపు ముక్కకూ) మధ్యనున్న సందు మీద ఆనించి ఉంచుతారు. మంచి కీలులో రెండు ముక్కలూ ఒకటిగా కదులుతాయి. అరిగిన కీలులో ముందు రాడ్ కదిలి, టిక్కుమని చిన్న దెబ్బ వేలికి తగిలి, ఆ తరువాత నకిల్ కదులుతుంది. ఆ దెబ్బ ఎంత చిన్నదైనా ఆ కీలు పని అయిపోయినట్టే.

లోపలి కీలు, అంటే ర్యాక్ ఎండ్, ముడతల రబ్బరు గొట్టం లోపల దాగి ఉంటుంది. గొట్టాన్ని బయటి నుంచి పిడికిట పట్టి నొక్కి ఉంచి ఇదే పరీక్ష చేస్తే, లోపలి గుండు తన గూటిలో ఎగిరిపడటం చేతికి తెలుస్తుంది. గొట్టం చిరిగి ఉంటే, లోపల బురదో తుప్పో కనిపిస్తే, కీలు ఇంకా గట్టిగా ఉన్నా దాని ఆయుష్షు దగ్గరపడినట్టు లెక్క. అదే సమయంలో ర్యాక్ పెట్టెనూ గమనించాలి. పెట్టె మొత్తం సబ్‌ఫ్రేమ్ (దాన్ని మోసే అడుగు చట్రం) మీద పక్కకు జరుగుతుంటే దాని మౌంటింగ్ బుష్‌లు గాని బోల్టులు గాని వదులయ్యాయని అర్థం. ఇది దొరికితే అదృష్టమే, చవకగా తెమిలిపోతుంది.

ఇప్పుడు కారును ఆపివేసి, ముందు చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు పెట్టాలి. చక్రాన్ని గడియారంలో 9, 3 అంకెల స్థానాల్లో పట్టుకుని తోసి లాగితే తెలిసేది టై రాడ్ వైపు వదులు. 12, 6 స్థానాల్లో పట్టుకుని కదిపితే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్ వదులు తెలుస్తుంది. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ఒక ఉపాయం ఉంది. ఎవరినైనా బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోమనాలి. వదులు మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. కారు ఆపి ఉన్నప్పుడు స్టీరింగ్ లాక్ పడే మోడళ్లలో ఆ లాక్‌కు ఉండే కొద్ది ఖాళీ వల్ల రెండు చక్రాలూ కలిసి కాస్త కదులుతాయి, అది లోపం కాదు. కీలుకు రెండు పక్కలా ఉన్న ముక్కల మధ్య తేడా కదలిక ఉందా అన్నదే చూడాలి.

రోడ్డు మీద బుష్ పరీక్ష

లోయర్ ఆర్మ్ బుష్ అరిగితే ఆట కొలతలో ఏమీ దొరకకపోవచ్చు. బందు ఊడిన తలుపు మూసే దాకా బాగానే కనిపించినట్టు, నిలిపి ఉన్న కారులో ఆ బుష్ తన స్థానంలోనే ఉంటుంది, భారం పడితే గాని జరగదు. ముందు చక్రాలను నడిపే ఎలక్ట్రిక్ కారుకు దీన్ని పట్టించే సులువైన దారి రీజెన్, అంటే రీజెనరేటివ్ బ్రేకింగ్. రీజెన్‌ను ఎక్కువ స్థాయిలో పెట్టి, ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, గంటకు 40 కిలోమీటర్ల ప్రాంతంలో, స్టీరింగ్‌ను తేలికగా పట్టుకుని యాక్సిలరేటర్ వదలాలి, మళ్లీ నొక్కాలి. వదిలినప్పుడు ముక్కు ఒక వైపుకూ, నొక్కినప్పుడు ఎదురు వైపుకూ తిరుగుతుంటే ఒక పక్క బుష్ తన గూటిలో ముందుకూ వెనక్కూ జరుగుతోందని అర్థం. దానితో పాటు అడుగున డబ్‌మనే మొద్దు చప్పుడు వస్తే సందేహం అక్కరలేదు. ఇంజిన్ రొద లేని కారులో ఇలాంటి చప్పుళ్లు స్పష్టంగా వినిపించడం మనకు కలిసివచ్చే విషయం.

రోడ్డును ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. రుషికొండ దాటాక భీమిలి వైపు బీచ్ రోడ్డు తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది గాని, సముద్రం మీంచి వచ్చే పక్కగాలి కారును నెట్టి లేని లోపాన్ని చూపించగలదు, కాబట్టి గాలి లేని పూట వెళ్లాలి. పైగా నీరు పోవడానికి రోడ్లకు ఎడమ అంచు వైపు వాలు ఉంచుతారు. ఆ వాలు వల్ల కారు కొద్దిగా ఎడమకు లాగడం సహజం. డివైడర్ ఉన్న రోడ్డు మీద కుడి లేన్‌లోకి మారినప్పుడు లాగుడు తగ్గితే దోషం రోడ్డుది. సింహాచలం, కైలాసగిరి ఘాట్ దారుల్లో ఈ పరీక్షలు చేయవద్దు, వదులు ఉన్న కారుతో అక్కడికి వెళ్లడమే తగదు.

కాలమ్, ఆ తరువాత కరెంటు

కింద ఏ కీలూ వదులుగా లేకపోయినా ఆట ఉంటే కాలమ్‌ను చూడాలి. పెడళ్ల పైన ర్యాక్ వైపు దిగే ఇంటర్మీడియట్ షాఫ్టుకు రెండు చివరలా యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. ఒకరు వీల్ కదుపుతుండగా ఆ జాయింట్‌ను చేత్తో పట్టుకుంటే వదులు తెలిసిపోతుంది. జాయింట్ బిగించే పించ్ బోల్టు వదులైనా ఇదే లక్షణం. ఈ బోల్టు ఊడితే స్టీరింగ్‌కూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది, కనుక ఇక్కడ కదలిక కనిపిస్తే కారును నడపకూడదు. సహాయక మోటారు కాలమ్ మీదే ఉండే కొన్ని కార్లలో మోటారుకూ వార్మ్ గేరుకూ మధ్య చిన్న రబ్బరు కప్లింగ్ ఉంటుంది. అది అరిగితే నిలిపి ఉన్న కారులో వీల్‌ను అటూ ఇటూ తిప్పినప్పుడు డాష్‌బోర్డు లోపల టకటకమంటుంది. చప్పుడు ఇబ్బంది పెట్టినా, దాన్ని కాలమ్ విప్పి మార్చడం అలవాటున్న చోటే చేయించాలి.

ఎలక్ట్రానిక్ పరీక్షకు ఇప్పుడు వంతు వచ్చింది. ప్యానెల్‌పై స్టీరింగ్ హెచ్చరిక దీపం వెలిగిందా, 12 వోల్టుల బ్యాటరీ ఎలా ఉంది అనే రెండు ప్రశ్నలతో సగం తేలిపోతుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఈ చిన్న బ్యాటరీ నీరసపడితే స్టీరింగ్ సహాయం తడబడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే రాత్రంతా నిలిపిన కారులో 12.4 వోల్టులకు తగ్గకూడదు. కారును రెడీలో పెట్టాక పెద్ద బ్యాటరీ కరెంటు వోల్టేజీని తగ్గించే డీసీ డీసీ కన్వర్టర్ దాన్ని చార్జి చేస్తుంది గనుక మల్టీమీటరులో సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య కనిపించాలి. ఉప్పు గాలి వల్ల టెర్మినళ్ల మీద, ఎర్త్ తీగ బాడీకి కలిసే చోట పూత పేరుకుంటే వోల్టేజీ బాగున్నా కరెంటు చాలదు. గీకి శుభ్రం చేసి బిగించాలి. దీపం వెలిగి ఉంటే ఏబీఎస్, స్టీరింగ్ మాడ్యూళ్లను కూడా చదవగల స్కానర్‌తో కోడ్ తీయించాలి, చవక ఓబీడీ (కారు కంప్యూటర్ కోడ్‌లు చదివే) పరికరాలు చాలావరకు వాటి దాకా పోవు.

మరమ్మతు

టై రాడ్ ఎండ్ మార్చడం పనిముట్లు, ఓపిక ఉన్నవారు చేసుకోగల పని. విప్పక ముందు బయటికి కనిపించే మరల సంఖ్యను లెక్కించి, కీలు మధ్యనుంచి లాక్ నట్ (రాడ్ తిరగకుండా బిగించే నట్) దాకా దూరాన్ని కొలిచి రాసుకోవాలి. మన ఊరి కార్లలో లాక్ నట్ తుప్పుతో పట్టేసి ఉండటం మామూలే. ముందు రోజు రాత్రే వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచితే పానాకు లొంగుతుంది. మంట పెట్టి వేడిచేసే అలవాటు పక్కనే ఉన్న రబ్బరునూ, గ్రీజునూ కాల్చేస్తుంది. పిన్ను మీది నట్ తీశాక, బాల్ జాయింట్ పుల్లర్‌తో విడదీయాలి గాని పిన్ను మరల మీద సుత్తితో కొట్టకూడదు. కొత్తది రాసుకున్న కొలతకే ఎక్కించి, కొత్త నట్‌ను మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. స్ప్లిట్ పిన్ ఉండే రకమైతే రంధ్రం కుదరడానికి నట్‌ను ఇంకొంచెం బిగించాలే గాని వదులు చేయరాదు.

లోయర్ ఆర్మ్ మీద బాల్ జాయింట్ విడిగా రాని మోడళ్లలో ఆర్మ్ మొత్తం మార్చవలసి వస్తుంది. బుష్ ఒక్కటే మార్చినా, ఆర్మ్ మార్చినా ఒక నియమాన్ని మరువకూడదు. బుష్ గుండా పోయే బోల్టులను చివరి బిగింపు బిగించేది చక్రాలు నేల మీదికి దిగి, కారు బరువు పడ్డాకే. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు శాశ్వతంగా మెలితిరిగి ఉండి, కొన్ని నెలలకే చిరుగుతుంది. చాలా వర్క్‌షాపుల్లో హడావుడిలో ఈ మెట్టే దాటిపోతారు, కనుక పక్కన నిలబడి అడగటానికి మొహమాటపడవద్దు.

ర్యాక్ విషయంలో వేరే హెచ్చరిక. ర్యాక్ గైడ్ స్క్రూ (ర్యాక్‌ను పినియన్‌కు ఒత్తి ఉంచే మర) బిగిస్తే ఆట పోతుందని సలహా ఇచ్చేవారుంటారు. ఎక్కువ బిగిస్తే మలుపు తరువాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు, పళ్లు కూడా త్వరగా అరుగుతాయి. కంపెనీ కొలత, విధానం చేతిలో లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. ర్యాక్ మీదే మోటారు ఉన్న రకంలో లోపల నీరు చేరితే సాధారణంగా మొత్తం యూనిట్ మార్చమంటారు. అంత ఖర్చుకు ఒప్పుకునే ముందు వారంటీ పత్రం తీసి చూడండి. బ్యాటరీకి విడిగా ప్రకటించే దీర్ఘకాల హామీ స్టీరింగ్‌కు వర్తించదు, వాహనానికి ఇచ్చే మామూలు వారంటీలోనే అది వస్తుంది. అరిగిన భాగాన్ని చూపించమని, పాతది తిరిగి ఇవ్వమని రాతలో కోరవచ్చు.

వీల్ ఎలైన్‌మెంట్ అన్నింటికీ చివర. కీలు వదులుగా ఉండగానే ఎలైన్‌మెంట్ చేయించి డబ్బు పోగొట్టుకునేవారు చాలామంది, యంత్రం మీద నిలిచిన ఆ క్షణానికి కొలతలు పచ్చరంగులోనే కనిపిస్తాయి గాని మొదటి గుంటలోనే మారిపోతాయి. సరిచేయక ముందు, తరువాత కొలతలు రెండూ ఉన్న కాగితం తీసుకోవాలి. స్టీరింగ్ వీల్ నిటారుగా ఉండేలా రెండు పక్కల రాడ్లనూ సర్దమనాలి, ఆ పని తప్పించుకోవడానికి వీల్‌ను విప్పి తిప్పి పెట్టనివ్వకూడదు. ర్యాక్ గాని కాలమ్ గాని మార్చినట్లయితే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌కు స్కానర్‌తో సున్నా స్థానం చూపించాలి. చూపకపోతే లేన్ అసిస్ట్, స్టెబిలిటీ కంట్రోల్ తప్పుడు లెక్కతో పనిచేస్తాయి.

బాల్ జాయింట్ లేదా టై రాడ్ ఎండ్ చేతికి తెలిసేంత వదులుగా ఉంటే కారును వర్క్‌షాపు దాకా కూడా నడపవద్దు. లాగించేటప్పుడు నాలుగు చక్రాలూ పైన ఉండే ఫ్లాట్‌బెడ్ లారీనే అడగాలి. నడిచే చక్రాలు నేల మీద దొర్లితే మోటారు తిరుగుతూ కరెంటు పుట్టించి ఇన్వర్టర్‌ను (బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే పరికరాన్ని) చెడగొట్టవచ్చు. మరమ్మతు తరువాత 500 కిలోమీటర్ల ప్రాంతంలో లాక్ నట్లు, ఆర్మ్ బోల్టులు టార్క్ రెంచ్‌తో మరొకసారి చూడాలి. నట్ బిగించినప్పుడే దాని మీద పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, అది కదిలిందీ లేనిదీ చక్రం వెనుక నుంచి టార్చి వేసి చూసినా తెలుస్తుంది. గీత జరిగితే బిగింపుతో సరిపెట్టుకోకుండా టో మళ్లీ కొలిపించాలి.